ఎస్. రెస్టు గారి క్వార్టరు

నలభై ఏడో సాయుధ పోలీసు పటాలంలో రోజంతా నీళ్లొచ్చే కుళాయిలు రెండే రెండు. ఒకటి కమాండెంటు గారి బంగళాలో ఉంది. రెండోది ఫైరింగ్ రేంజి పక్కనున్న రెండు గదుల క్వార్టరులో ఉంది. బంగళాకి వెళ్లే గొట్టం ఆ క్వార్టరు గోడ వెంబడి పోవాల్సి రావడం వల్ల జరిగిన పొరపాటు అది. మిగతా క్వార్టర్లకి పొద్దున్నే ఒకసారి నీళ్లు వదులుతారు. ఆ కాసేపట్లో ఎవరి బిందె ముందుంటే వాళ్లది రాజ్యం.

ఆ క్వార్టరు కోసం వచ్చే సిఫార్సులు భరించలేక ఎప్పుడో ఒక కమాండెంటు గారు ఒక ఆచారం పెట్టి బదిలీ అయిపోయారు. ఏటా జరిగే ఫైరింగులో ఎవరు మొదట వస్తే ఆ ఏడాదికి క్వార్టరు వాళ్లది. అప్పట్నుంచి పటాలంలో జవాన్లు తుపాకీ ఎత్తినప్పుడు వాళ్లకి టార్గెట్టు మీద నల్లచుక్క కనిపించడం మానేసింది, కుళాయి కనిపిస్తోంది. కుళాయిని చూస్తూ కాల్చిన తూటా చుక్కలో ఎందుకు పడుతుంది?

హవల్దారు బోనెల పైడిరాజు ఒక్కడికే చుక్క కనిపించేది. ఏళ్ల తరబడి ఆ క్వార్టరు అతన్ని వదల్లేదు, అతను దాన్ని వదల్లేదు. చేతి గురి ఎంత మంచిదో నోటి దూకుడు అంత చెడ్డది. ఫైరింగు రోజులొస్తే తుపాకీ తన్నిన తన్నుకి కుడిభుజం కమిలిపోయేది. చొక్కా గుండీ ఒకటి విప్పుకుని ఆ కమిలిన చోటు కనపడేలా క్యాంటీను చుట్టూ రెండుసార్లు తిరిగితేగాని అతనికి టీ దిగేది కాదు. అతని భార్య చిన్నమ్మడు సంగతి వేరు. ఆమెకి గురితో పనిలేదు, కుళాయితోనే పని. క్వార్టర్ల లైనులో ఆడవాళ్లంతా బిందెలతో వచ్చి "సిన్నమ్మడక్కా" అని పిలుస్తుంటే ఆమెకి ఇన్‌స్పెక్టరు భార్య కంటే ఒక మెట్టు పైనున్నట్టు ఉండేది.

అంత సుఖంగా ఉన్నవాడు నోరు మూసుకుని ఉండొచ్చు కదా. ఉండలేదు.

ఆ ఏడు కొత్త కమాండెంటు చక్రపాణి గారు దర్బారు పెట్టి, పటాలం తూటాలన్నీ టార్గెట్టు వెనక మట్టికట్టకే ఎందుకు తగులుతున్నాయని అడిగారు. తుపాకీలు వంకర అని జవాన్లు ఏకకంఠంతో చెప్పారు. పైడిరాజు లేచి నిలబడ్డాడు.

"తుపాకీలు బాగానే ఉన్నాయి సార్. మనుసులే బాగోనేదు. కావలిస్తే మిసను పెట్టి పరీచ్చ సేయించండి."

చక్రపాణి గారికి రెండు విషయాలంటే ప్రాణం. ఒకటి మెషీను, రెండోది ఉపన్యాసం. మెషీను వస్తే ఉపన్యాసం కూడా ఇవ్వొచ్చు కాబట్టి ఆయన వెంటనే రాజధానికి రాశారు. రాజధాని నుంచి సాధారణంగా ఏదీ రాదు. ఇది మాత్రం వచ్చేసింది.

అది ఒక ఇనప చట్రం. ముందు తుపాకీ గొట్టం ఆనించడానికి గుంట, వెనక తుపాకీ మడమ ఆనించడానికి తోలుదిండు, మధ్యలో బరువుకి సీసపు దిమ్మలు పెట్టుకునే పళ్లెం, ఎత్తు సరిచేయడానికో మర, పక్కలకి తిప్పడానికో మర. తుపాకీని అందులో బిగించి ట్రిగ్గరు నొక్కితే అది వెనక్కి తన్నే తన్నంతా చట్రమే భరిస్తుంది. చెయ్యి వణకడం, కన్ను ఆర్పడం లాంటి మనిషి లోపాలేవీ మధ్యలో దూరవు కనుక తూటా పక్కకి పోతే తప్పు తుపాకీదే అని తేలిపోతుంది. ఇంగ్లీషులో దాన్ని షూటింగ్ రెస్టు అంటారు. ఎంతో తెలివైన వస్తువు. దాన్ని తయారుచేసిన పెద్దమనిషికి మన ఆఫీసు సూపరింటెండెంట్ నరసింగరావు గారి సంగతి తెలియదు, అంతే.

తూటాల కోసం కాగితం పెట్టగానే నరసింగరావు గారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. ఆయన అలా చేశారంటే ఏదో ఒక పని ఆగిపోయిందని అర్థం.

"నిబంధన ప్రకారం తూటా అనేది పటాలం రోల్లో, అనగా సిబ్బంది పట్టీలో, పేరున్నవారికే జారీ చేయబడును. వస్తువుకి జారీ చేయబడదు" అన్నారు.

"నా పేరు మీద రాసీండి సార్. ట్రిగ్గరు నొక్కేది నానే కదా" అన్నాడు పైడిరాజు.

"నీ పేరు మీద రాస్తే సదరు పరీక్ష నీకు జరిగినట్టవుతుంది. తుపాకీకి జరిగినట్టు కాదు. పరీక్ష ఉద్దేశమే దెబ్బతింటుంది."

కమాండెంటు గారు ఆలోచించి, "అయితే రెస్టునే రోల్లోకి ఎక్కించండి. తాత్కాలికంగా" అన్నారు.

సర్కారు ఆఫీసులో తాత్కాలికం అన్న మాట విన్నప్పుడు తెలిసినవాళ్లు కంగారు పడతారు. పైడిరాజుకి తెలియలేదు, నవ్వుకున్నాడు. దరఖాస్తు నింపడానికి టేపు పట్టుకుని సాయం కూడా చేశాడు. ఇంటిపేరు లేకుండా రోలు ఒప్పుకోదు కనుక షూటింగ్ అన్నది ఇంటిపేరు చేసి, ఎస్. రెస్టు అని రాశారు. తండ్రిపేరు దగ్గర తయారుచేసిన కంపెనీ పేరు వేశారు. ఛాతీ కొలిచి, ఊపిరి పీల్చినప్పటి కొలత దగ్గర "మార్పు లేదు" అని రాశారు. పుట్టుమచ్చల దగ్గర రెండు మరల వివరాలు రాశారు. చెడు అలవాట్లు లేవు. అలా ఎస్. రెస్టు నలభై ఏడో పటాలంలో కానిస్టేబుల్ అయ్యాడు. ఇంతకంటే మచ్చలేని మనిషి ఆ రోల్లోకి అంతకుముందు ఎక్కలేదన్నది నిజం.

పరీక్ష ఫైరింగు రోజునే పెట్టారు, రెండు పనులూ ఒకేసారి అయిపోతాయని. రెస్టులో తుపాకీ బిగించడం, మరలు సరిచూడడం, ట్రిగ్గరు నొక్కడం పైడిరాజుకే అప్పగించారు. అతను పని తెలిసినవాడు. ప్రతి తుపాకీనీ ఒద్దికగా బిగించాడు, ఊపిరి బిగపట్టి నొక్కాడు. తూటాలన్నీ నల్లచుక్క మధ్యలో ఒకే కన్నం చేసుకుని దూరిపోయాయి. తుపాకీల్లో ఏ లోపమూ లేదని తేలిపోయింది. "నాను సెప్పినానా?" అని పైడిరాజు మీసం దువ్వాడు. తర్వాత మామూలుగా భుజానికి ఆనించి తన ఫైరింగు తను చేశాడు. ఒక్క తూటా చుక్క అంచున పడింది. ఏడాదికో తూటా అలా అంచున పడడం మామూలే, దాన్ని ఎవరూ పట్టించుకోరు.

సాయంత్రం ఫలితాలు గోడకి అంటించారు. మొదటి స్థానం, కానిస్టేబుల్ ఎస్. రెస్టు. రెండో స్థానం, హవల్దారు బోనెల పైడిరాజు.

పైడిరాజు పరుగున ఆఫీసుకి వెళ్లాడు. "ఇదేటి సార్, అన్నేయం! ట్రిగ్గరు నొక్కినది నాను! గురి సూసినది నాను!"

నరసింగరావు గారు శాంతంగా కళ్లజోడు తుడిచారు. "ఉత్తర్వు టైపు చేసేది గుమాస్తా. అందుచేత ఉత్తర్వు గుమాస్తాది అవుతుందా? నీవు సహాయకుడివి. సహాయం చేసినందుకు ప్రశంసాపూర్వకంగా గుర్తించబడతావు."

"అది మనిసి కాదు కదా సార్!"

"రోల్లో ఉన్నాడు" అన్నారు నరసింగరావు గారు. అంతకుమించి మనిషితనానికి ఋజువేముంటుందో ఆయనకి తోచలేదు.

తర్వాత వారం పతక ప్రదానం జరిగింది. చక్రపాణి గారు తోలుదిండుకి పిన్ను గుచ్చి ఉపన్యాసం ఇచ్చారు. "చూడండి వీరిని! కన్ను ఆర్పరు. దగ్గరు. సెలవు అడగరు. పైనుంచి ఎంత దెబ్బ వచ్చినా తనలోనే ఇముడ్చుకుంటారు గానీ పక్కవాడి మీదకి తోయరు. క్రమశిక్షణ అంటే ఇది! ఈ రోజు నుంచి మన పటాలం నినాదం, రెస్టులా ఉందాం!"

నినాదాన్ని మర్నాడే ఉత్తర్వు చేశారు. గురిపెట్టిన సమయంలో సిబ్బంది శ్వాస తాత్కాలికంగా నిలిపివేయబడును అన్నారు. పరేడులో జవాన్లు ఒళ్లో ఇసక బస్తాలు పెట్టుకుని కూర్చున్నారు, పళ్లెంలో సీసం పెట్టుకున్న రెస్టు మాదిరిగా. మెస్సులో వంటవాడు కూడా ఊపిరి బిగపట్టి గరిటె తిప్పడం మొదలెట్టాడు, అది అతనికి వర్తించదని ఎవరూ చెప్పకపోవడం వల్ల. గరిటె చేతిలో ఉండగానే ఒకసారి సాంబారు పక్కన కూలబడ్డాడు. శ్రద్ధ ఉన్న మనిషని మెచ్చుకున్నారు.

ఇవన్నీ పైడిరాజు సరదాగానే చూశాడు. క్వార్టరు ఖాళీ చేయమని నోటీసు వచ్చినరోజు సరదా పోయింది.

"ఓలమ్మో!" అని చిన్నమ్మడు బిందె కింద పెట్టేసింది. "ఇనప సట్రానికి ఇల్లేటి మావా? దానికి వంటిల్లేటికి? దానికి తానమేటికి? నీలు తగిల్తే తుప్పొట్టీదానికి కుళాయేటి?"

"రూలు అదే అంతన్నారే."

"ఆ రూలు తెచ్చింది నువ్వే కదేటి! మిసను పెట్టండి, మిసను పెట్టండని ఎగిరినావు. ఇప్పుడు నాను రేపొద్దున్న ఆ లైనులో బిందెట్టుకుని నిల్సోవాలా? ఆ సూరమ్మ ఎనకాల?"

ఇన్నాళ్లూ తన కుళాయికి బిందెతో వచ్చిన సూరమ్మ వెనకాల నిలబడడం అన్నమాట దగ్గర చిన్నమ్మడికి నిజంగానే ఏడుపొచ్చింది. భార్య కళ్లల్లో నీళ్లు చూసి పైడిరాజు గుండె తరుక్కుపోయింది. ఏం చేసైనా సరే క్వార్టరు పోనివ్వకూడదని అప్పుడే అనుకున్నాడు.

రోలు చూపించి కొట్టినవాళ్లని రోలుతోనే కొట్టాలనిపించింది. తిన్నగా ఆఫీసుకి వెళ్లి, కానిస్టేబుల్ రెస్టు ఒక్కరోజు కూడా పొద్దుటి పరుగుకి రాలేదని ఫిర్యాదు చేశాడు.

"ఉత్తమ షూటరుకి పరుగు నుంచి మినహాయింపు కలదు" అన్నారు నరసింగరావు గారు. "మోకాలి నొప్పి అని నువ్వే పోరి తెప్పించుకున్నావు."

"గుడారాలేసే డూటీకి రాడు సార్."

"అదీ నువ్వు తెప్పించిన మినహాయింపే."

తను ఏళ్ల తరబడి సంపాదించి పెట్టిన సుఖాలన్నీ ఒక్కొక్కటే ఆ చట్రం ఒళ్లో వెళ్లి పడుతుంటే పైడిరాజుకి కడుపు మండిపోయింది. వెళ్లబోతూ చివరి మాటగా, "పెళ్లికాని కానిస్టేబులు బారకులో ఉండాల కదా సార్, క్వార్టరు ఫేమిలీ ఉన్నోలకి కదా" అన్నాడు.

నరసింగరావు గారు కళ్లజోడు తీసి తుడిచారు. పైడిరాజుకి ప్రాణం లేచొచ్చింది.

"అభ్యంతరం సమంజసమైనదే" అన్నారాయన.

రెండు రోజులు ఆ ఫైలు మీద పెద్ద చర్చే జరిగింది. రెస్టుకి పెళ్లి చేయడం గురించి కూడా కమాండెంటు గారు ఒకసారి ప్రస్తావించారట, కానీ దానికి రాజధాని అనుమతి కావాలి. చివరికి నరసింగరావు గారే దారి కనిపెట్టారు. కుటుంబం అంటే భార్యే కానక్కర్లేదు, ఆధారపడినవాళ్లున్నా చాలు. రెస్టు లేకుండా ఎవరు తుపాకీ పరీక్ష చేయలేరు? పైడిరాజు. కనుక సదరు పైడిరాజు ఎస్. రెస్టు మీద ఆధారపడిన కుటుంబ సభ్యుడు. అతని భార్య, ఆధారపడినవాడి మీద ఆధారపడిన సభ్యురాలు. అందరూ క్వార్టరులో ఉండొచ్చు, కుటుంబ పెద్ద అనుమతితో.

"సంతకం పెట్టు" అన్నారు.

పైడిరాజు పెట్టనన్నాడు. ఇంటికొచ్చి చిన్నమ్మడికి చెప్పి, "నాను హవల్దారునే! కానిస్టేబులు మీద ఆధారపడతానా? అదీ ఇనప కానిస్టేబులు మీద?" అని గట్టిగా అరిచాడు.

చిన్నమ్మడు కుళాయి తిప్పింది. నీళ్లు ధారగా పడ్డాయి. కట్టేసింది.

"సంతకం పెట్టీ మావా" అంది.

పెట్టాడు. రెస్టుని ముందుగదిలో కిటికీ పక్కన పెట్టారు. తలుపు మీద పెద్ద అక్షరాలతో ఎస్. రెస్టు అనీ, కింద చిన్న అక్షరాలతో "మరియు కుటుంబం" అనీ బోర్డు పెట్టారు. చిన్నమ్మడు రోజూ దాన్ని తుడిచి, వారానికోసారి నూనె రాసేది. మనిషి కంటే నయం, టీ అడగదు అనేది. పైడిరాజు మాత్రం ముందుగదిలోంచి వెళ్లేటప్పుడు మొహం గోడవైపు తిప్పుకుని వెళ్లేవాడు. తన ఇంట్లో తనే అద్దెకున్నట్టు అతనికి ఏడాది పొడుగునా నామోషీగానే ఉంది.

మళ్లీ ఫైరింగు రోజులొచ్చాయి. ఈసారి పైడిరాజు అదును పోనివ్వదల్చుకోలేదు. రెస్టులో తుపాకీ బిగించేది తనే, మర తిప్పేది తనే. పక్కకి తిప్పే మరని ఎవరూ చూడకుండా కొంచెం, కొంచెమంటే కొంచెం, వదులు చేశాడు.

తూటాలు బాగా పక్కకి పోయాయి. ఒకటి రెండు మట్టికట్టలో దిగబడ్డాయి. ఒక తూటా పక్క టార్గెట్టులో నల్లచుక్క మధ్యలో తగిలింది. పుట్టి బుద్ధెరిగాక కాగితానికి తూటా తగిలించి ఎరగని పక్కవరస కానిస్టేబుల్ ఒకడు అది తనదే అనుకుని ఆనందంతో ఏడ్చేశాడు. పైడిరాజు లోపల్లోపల గంతులు వేశాడు. ఆ తర్వాత అదే తుపాకీ తీసి, భుజానికి ఆనించి, తూటాలన్నీ చుక్క మధ్యలోనే కొట్టాడు. అంచున కూడా ఒక్కటీ పడలేదు. జీవితంలో అంత బాగా ఎప్పుడూ కాల్చలేదు.

కమాండెంటు గారు రెండు టార్గెట్లూ పక్కపక్కన పెట్టించుకుని చాలాసేపు చూశారు. ఆయన మొహం నల్లబడింది.

"రెస్టు గురి తప్పదు" అన్నారు. "అది మనకి శాస్త్రీయంగా తెలుసు. రెస్టు కాల్చింది పక్కకి పోయిందంటే తప్పు తుపాకీది. అంటే ఈ ఏడాదిలో మన తుపాకీలన్నీ వంకరపోయాయి!"

"అలగైతే నాను కొట్టినవేటి సార్? అన్నీ మద్దిలోనే పడ్డాయి కదా?" అన్నాడు పైడిరాజు.

చక్రపాణి గారు అతని వైపు జాలిగా చూశారు. "అదే నా భయం రాజూ. వంకర తుపాకీతో తిన్నగా కొట్టావంటే, నువ్వు ఎంత వంకరగా ఉన్నావో ఆలోచించు."

నరసింగరావు గారు "లోపభూయిష్ట సిబ్బంది" అని ఏదో రాసుకుంటున్నారు. లారీలు తెప్పించమని ఆర్డరు కూడా అయిపోయింది. పటాలం తుపాకీలన్నీ పనికిరానివిగా కట్టగట్టి పంపేస్తారట. అప్పుడు పైడిరాజుకి భయం వేసింది. కుళాయి కోసం తిప్పిన మర ఒక పటాలాన్నే ఖాళీ చేసేస్తోంది. అతను ఎంత గొప్పలు చెప్పుకున్నా తుపాకీని ప్రాణంలా చూసుకునే మనిషి. ఇక దాచలేకపోయాడు.

"తుపాకీల తప్పు నేదు సార్! రెస్టు తప్పూ నేదు! మర నానే వొదులు సేసినాను! నా తప్పే సార్, సస్పెండు సేసీండి!"

నరసింగరావు గారు కళ్లజోడు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు.

"ఈ వాంగ్మూలం చెల్లదు" అన్నారు. "నీవు కానిస్టేబుల్ రెస్టు గారి కుటుంబ సభ్యుడివి. ఆయన్ని కాపాడుకోవడానికి తప్పు నెత్తిన వేసుకుంటున్నావు. కుటుంబ సభ్యుల సాక్ష్యం స్వీకరించబడదు."

"అబ్బ, ఎంత అభిమానం!" అన్నారు చక్రపాణి గారు. ఆయన కళ్లు చెమర్చాయి. "ఇంటిపెద్ద అంటే అంత గౌరవం ఉండాలయ్యా."

లారీలు వచ్చాయి, వెళ్లాయి. జవాన్లకి తుపాకీల బదులు లాఠీలు ఇచ్చి, వాటినే భుజానికి ఆనించుకుని సాధన చేయమన్నారు. లాఠీ పట్టుకున్నాక చాలామంది గురి కుదిరిందని నివేదిక వెళ్లింది. వంకర తుపాకీలతో జరిగింది కనుక ఈ ఏటి పోటీ చెల్లదన్నారు. తుపాకీలు లేవు కనుక ఇక ఫైరింగు పోటీ ఉండదు. పోటీ ఉండదు కనుక చివరిసారి గెలిచినవాడే ఎప్పటికీ గెలిచినవాడు. క్వార్టరు ఎస్. రెస్టుకి శాశ్వతం చేస్తూ ఉత్తర్వు వచ్చింది. వంకర తుపాకీల గుట్టు రట్టు చేసినందుకు రెస్టుని మూడు మెట్లు ఎక్కించి సబిన్‌స్పెక్టరుని కూడా చేశారు. తోలుదిండు మీద రెండు నక్షత్రాలు కుట్టారు. ఆ కాగితం తెచ్చి క్వార్టరులో అందజేసే పని కూడా పైడిరాజుకే పడింది.

మధ్యాహ్నం పూట ఇంటికొచ్చాడు. గాలి కోసమని చిన్నమ్మడు రెస్టుని అరుగు మీద పెట్టింది. నక్షత్రాలు మెరుస్తున్నాయి. పైడిరాజు దాని ముందు కాగితం పెట్టి, ఎదురుగా చతికిలబడి, ఏడాదిగా కడుపులో ఉన్నదంతా కక్కాడు. దొంగముండాకొడకా అన్నాడు. నా పతకం తిన్నావు, నా ఇల్లు తిన్నావు, నా పేరు చిన్న అక్షరాల్లో కూడా లేకుండా చేశావు అన్నాడు. నీలో నొక్కిన ప్రతి ట్రిగ్గరూ నాదిరా, ఆ ఒక్క కన్నంలో దూరిన తూటాలన్నీ నావిరా, ఎవడికి చెప్పినా వినలేదురా అన్నాడు. అరిచాడు, గొంతు బొంగురుపోయింది, చివరికి ఏడ్చాడు.

రెస్టు కదల్లేదు. మధ్యలో అడ్డు తగల్లేదు. నిబంధన చెప్పలేదు. కళ్లజోడు తుడవలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు, గడియారం చూసుకోలేదు. పైడిరాజు ముక్కు తుడుచుకుంటూ దాని వైపు మొదటిసారి తిన్నగా చూశాడు. ఇన్నేళ్ల సర్వీసులో తన మాట మొదటినుంచి చివరిదాకా విన్న పై అధికారి ఇదొక్కటే.

లేచి నిలబడ్డాడు. చొక్కా సరిచేసుకుని, మడమలు కలిపి, మనస్ఫూర్తిగా సెల్యూటు కొట్టాడు.

లోపల్నుంచి చిన్నమ్మడు కేకేసింది.

"మావా! వోన సినుకులు పడతన్నాయి. మీ సారుని బేగి లోపలికి ఒట్టుకురా, తుప్పొట్టీసిందంటే మన ఇల్లు పోతాది!"

పైడిరాజు సెల్యూటు దించి, సారుని రెండు చేతులా ఎత్తుకుని లోపలికి పరుగెత్తాడు.